క్లచ్‌లో గాలి

కారు షెడ్డు. వదిన డ్రైవర్ సీట్లో కూర్చుంది. మరిది ఆ పాత కారు కింద వెల్లకిలా పడుకుని క్లచ్ పైపులో చేరిన గాలి తీస్తున్నాడు. అతని అన్న పోయి ఏడాదైంది. కారు కొంటానన్నాయన నాలుగింటికి వస్తాడు.

"తొక్కు వదినా."

"తొక్కాను."

"అలాగే పట్టి ఉంచు. నట్టు వదులు చేస్తున్నా... ఆఁ, బుడగలు. ఇంకా బుడగలే. బిగించా. ఇక వదిలెయ్."

"వదిలాను."

"పెడల్ గట్టిపడిందా?"

"మెత్తగానే ఉంది. తడిసిన అట్టముక్కని తొక్కినట్టుంది."

"ఇది పదహారోసారి. పైపు మార్చా, వాషర్లు మార్చా. గాలి ఎక్కణ్ణించి చొరబడుతోందో. డబ్బాలో ఆయిల్ ఉందా?"

"ఇందాకేగా పోశాను."

"టైమెంత?"

"మూడుంపావు. రేపు చూద్దాంలే చిన్నోడా, నడుం పట్టేస్తుంది."

"రేపా? ఆయన గేరు వెయ్యబోతే కర్రుమంటుంది. అలాంటి బండి ఎవరు తీసుకెళ్తారు?"

"తీసుకెళ్లకపోతే ఏమవుతుంది?"

"అమ్మేద్దామన్నది నువ్వే కదా."

"నేననలేదు. మీరంతా అన్నారు. నేను తలూపాను."

"సరే, అదిప్పుడెందుకు. ఫోన్ మోగుతోంది, ఆయనేనేమో."

"మోగనీ."

"తొక్కు అయితే."

"తొక్కాను."

"వదులు చేస్తున్నా. పట్టి ఉంచు... ఉంచు... వదినా."

"ఊఁ."

"గొట్టంలో ఆయిల్ వెనక్కి పోయింది."

"పోనీ."

"పోనీ ఏంటి? నేను నట్టు బిగించకముందే కాలు తీసేశావు. అలా తీస్తే గాలి మళ్లీ లోపలికి పోదూ?"

"తీసేశాను."

"ఇందాకట్నించీ ఇదే పనా?"

"మూడోసారి నుంచి."

"నేనిక్కడ మొహమంతా ఆయిల్ చేసుకుని చస్తున్నా. అన్నయ్య గుర్తుగా ఉంచుకోవాలనుంటే నోరు తెరిచి చెప్పొచ్చుగా."

"గుర్తు కోసం కాదు. ఏడాదికి రెండుసార్లు ఈ పనికే మీ అన్నయ్య నన్ను ఈ సీట్లో కూర్చోబెట్టేవారు. తొక్కమంటే తొక్కాను, వదలమంటే వదిలాను. ముప్పై ఏళ్లు. పనయ్యాక పక్క సీట్లోకి జరగమనేవారు."

"జరక్కపోతే బండెవరు నడుపుతారు?"

"ముందు ఆ కొంటానన్నాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. తర్వాత నట్టు వదులు చెయ్యి, ఈసారి సరిగ్గా పట్టి ఉంచుతాను. గాలంతా పోయాక నువ్వొచ్చి పక్క సీట్లో కూర్చో."