గంటకు కట్టిన తాడు

బ్రెస్ట్ రేవులో ఓ చిన్న చర్చి. ఫాదర్ గిలెమో ఎదుట బల్ల మీద ఇద్దరు: సారాకొట్టు పెరీన్, ఆమె వెంట తెచ్చుకున్న సాక్షి కోలాస్.

"అది కాదు పెరీన్, నీ మొగుడు పోవడం కళ్లారా చూసినవాడు చెబితే తప్ప నీకు మళ్లీ పెళ్లి చెయ్యలేను."

"అందుకేగా ఫాదర్, చూసినవాణ్ణే పట్టుకొచ్చా! పెళ్లికొడుకు, ఆ రొట్టెల టాంగి, బయట కొత్తకోటు వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. చెప్పవయ్యా కోలాస్."

"ఉండమ్మా. ఏ ఓడ నాయనా నీది?"

"మెసాంజ్, ఫాదర్. ఈమె మొగుడు జకేజ్‌దీ అదే."

"నేనూ యుద్ధనౌకల మీద ప్రార్థనలు చేయించినవాణ్ణే. కోతలు కొయ్యకు. ఎక్కడ కట్టారు దాన్ని?"

"రోష్‌ఫోర్‌లో. నీళ్లలోకి దించిన రోజే బురదలో కూరుకుపోయింది."

"అవునవును, ఊరంతా నవ్వింది! తర్వాత?"

"మార్తినీక్ దగ్గర ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయారు. నెల తిరక్కుండా మనవాళ్లు లాక్కొచ్చారు. ఈలోపు వాళ్లు కొత్త తెరచాపలు కూడా కుట్టి పెట్టారు పాపం! ఆ తర్వాత ఇండియా. కడలూరు ముందు ఫిరంగి దెబ్బకి నడిమి తెరచాప కొయ్య విరిగింది. తిరిగొస్తుంటే మడగాస్కర్ దగ్గర రాళ్లెక్కి ముక్కలైంది."

"మరి జకేజ్?"

"చివరిదాకా తాడు పట్టుకుని..."

"ఏమిటీ? ఏం పట్టుకుని?"

"తాడు, ఫాదర్."

"పెరీన్, వీణ్ణి తీసుకుపో! ఓడ మీద తాడన్న మాటే ఎవడూ నోట పలకడు. ప్రతిదానికీ వేరే పేరుంటుంది. ఆ మాటన్నవాణ్ణి సరంగు చావబాదడం చూశాను. వీడు నావికుడైతే నేను పోప్‌ని!"

"ఫాదర్, ఫాదర్! తడబడ్డాడు..."

"తడబడలేదు. గంట తాడు, ఫాదర్. అందరూ పడవల్లోకి దిగేదాకా గంట కొడుతూనే ఉన్నాడు. ఓడంతటికీ తాడని పిలిచేది అదొక్కటేగా?"

"అదొక్కటే... దేవుడా, అదొక్కటే! నావికుడికి తప్ప తెలీదు. పెరీన్, నీ మొగుడు వీరుడమ్మా. ఆదివారమే చర్చిలో అందరి ముందూ మీ పెళ్లి కబురు చదివేస్తాను. టాంగిని పిలువు."

"ఇదిగో, పిలుచుకొస్తా. నువ్విలా రావయ్యా కోలాస్, ఇలా వసారాలోకి... ఒరే, ఓడ మొహం చూడని మంగలివి! ఆ కథంతా నీకు నూరిపోసింది నేను. గంట తాడు సంగతి నేను చెప్పలేదే?"

"నువ్వు చెప్పలేదక్కా."

"మరెవరు చెప్పారు?"

"అరవకు. పోయిన వారం లోరియాన్‌లో గడ్డం గీస్తుంటే మీ జకేజే చెప్పాడు. అతనికీ పెళ్లట. పెళ్లాం పోయిందని సాక్ష్యం చెప్పడానికి నన్నే కుదుర్చుకున్నాడు."