దొరసాని పస్తు

మెట్ల కింద ఇనప బోను. దాని తలుపు తాడు పట్టుకుని పిల్లుల్ని పట్టే అతను. పక్కన స్టూలు మీద కింది వాటా మామ్మగారు.

"మామ్మగారూ, నిజం చెప్పండి. పొద్దున ఆ పిల్లికి తిండి పెట్టారా?"

"తిండా? మెతుకు పెడితే ఒట్టు."

"మరి చేపముక్క పెట్టినా బోను వంక చూడదేం? గోడెక్కి మూతి నాక్కుంటోంది."

"మా దొరసానికి శుభ్రం ఎక్కువ నాయనా."

"మామ్మగారూ."

"పాలు పోశాను. పాలు తిండి కిందికొస్తాయా?"

"ఉత్త పాలేనా?"

"ఉత్తవి ఎలా తాగుతుంది, పాపం. గుడ్డు కొట్టాను."

"ఇంకా?"

"గుడ్డొక్కటీ ఏం ఆనుతుంది? చేపముక్క..."

"ఏ చేపముక్క?"

"బోనులోదే. నువ్వు టీకి వెళ్తే వృథాగా పడుందని..."

"అయితే ఇందాకట్నుంచి నేను ఖాళీ బోను ముందు తాడు పట్టుకుని కూచున్నానా?"

"నీ ఓపిక చూస్తే ముచ్చటేసింది నాయనా."

"పస్తుంచమని చెప్పానా లేదా?"

"ఆపరేషన్‌కి వెళ్లేదాన్ని వట్టి కడుపుతో ఎలా పంపమంటావు? ఆడకూతురు."

"ఆకలేస్తేనే లోపలికెళ్తుంది. రేపట్నుంచి మా వ్యాన్ వేరే పేటకి. ఇవాళ దొరక్కపోతే మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు దీన్ని గోనెలో కట్టించి ఊరవతల పారేయిస్తానన్నారు, మర్చిపోయారా?"

"వాడి మొహం మండ. ఎలా మర్చిపోతాను, నిన్నట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

"మేమైతే ఆపరేషన్ చేసి, చెవి కొస కాస్త కత్తిరించి, తెచ్చి ఇక్కడే వదుల్తాం."

"చెవి దేనికి, కమ్మలు పెడతారా?"

"గుర్తుకండీ. మళ్లీ ఎవరూ పట్టుకుపోకుండా. ఇంక పిల్లలు పుట్టవు, సెక్రటరీగారూ నోరెత్తరు."

"నేను ఏడుగుర్ని కన్నాను. నా కోసం ఏ వ్యానూ రాలేదు."

"మీరు సెక్రటరీగారి కారు మీద కనలేదుగా."

"అదీ నిజమేలే. ఇప్పుడేం దారి?"

"ఏ దారీ లేదు. కడుపు నిండినదాన్ని బోనులోకి పంపడం ఎవరి తరమూ కాదు."

"అది భయం నాయనా, కడుపు కాదు. మా పెద్దాడూ అంతే, ఆముదం అంటే అటకెక్కి కూచునేవాడు. ముందు నేనో గుక్క తాగి చూపిస్తే దిగొచ్చేవాడు. రెండోవాడికైతే..."

"రెండోవాడి సంగతి తర్వాత... మామ్మగారూ, ఏంటది? ఎక్కడికి?"

"ఇంత పెద్ద బోను పిల్లికా?"

"కుక్కలదండీ, పిల్లులవి నిండిపోయాయి. వద్దు, తల తగులుతుంది."

"నాకు సరిపోయింది. ఇదిగో, చూడవే దొరసానీ. ఏముందిక్కడ? చల్లగా ఉంది. నేను కూచోలేదూ?"

"బయటికి రండి, ఎవరైనా చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఉండు, మోకాలు పట్టేసింది. రావే తల్లీ, రా. నేనుండగా నీకేం... అయ్యో, ఆ చప్పుడేంటి? నాయనా, తలుపు పడిపోయింది."

"పడలేదు మామ్మగారూ, నేనే వేశాను. కదలకండి."

"నన్నెందుకురా పట్టుకున్నావు? నాకిప్పుడు ఆపరేషన్ దేనికి?"

"మీ వీపు వెనక నక్కి పడుకుంది చూడండి. తలుపు తీశానా, దూకేస్తుంది. కాస్త సర్దుకుని కూచోండి, డ్రైవర్ని పిలుస్తాను. ఇద్దర్నీ కలిపే వ్యాన్ ఎక్కించాలి."