కోటమ్మ బర్రె, అవధానిగారి ఆమ్రేడితం

కోటమ్మ మొగుడు పోయినా ఒక్క బర్రెని పెట్టుకుని, పాలమ్ముకుంటా, ఎవురికీ తల వంచకుండా బతికేదంట. బర్రె పేరు కావేరి. అదే ఆమెకి పొలమూ పుట్రా అనుకో. ఏమైందంటే, ఓ వానాకాలం వాగు పొంగి కావేరి కొట్టుకుపోయింది. 'ఇంకెక్కడి బర్రెలేవే' అని ఊరంతా అంటే, 'నా కావేరికి ఈత నేను నేర్పాలా?' అని ఊరూరా తిరిగిందంట. తిరగ్గా తిరగ్గా పక్కూళ్లో చెంచయ్య కొట్టంలో కనపడింది. చెంచయ్యంటే కలిగినోడులే, నోరున్నోడు. నేను సంతలో కొనుక్కున్నా, నీదని దాని మీద రాసుందా, పో పొమ్మన్నాడంట.

కోటమ్మ పోద్దా? పెద్దమనుషుల్ని కూర్చోబెట్టింది. వాళ్లకేమో ఎటూ తేలక, అవధానిగారని వ్యాకరణం చదువుకున్న పంతులుంటే ఆయన్ని పిలిపించారు. ఆయన ఇద్దరి మాటా విని, బర్రెని ఓ ఖాళీ పాకలో కట్టేయించి, 'నాకు ఆమ్రేడితం కావాలయ్యా, అది దొరికిందాకా తీర్పు లేదు' అన్నాడంట. అదేందో ఎవురికి తెలుసు? మీకు తెలుసా? లేదుగదా, ఇనండి మరి. అందరూ చావిట్లో ఉండగా చాటుగా పాక ఎనకమాల పచ్చిగడ్డి పొగ పెట్టించి, 'పాకంటుకుంది!' అని అరిపించాడు. చెంచయ్య ఎగిరి లేచి, 'బండీ! బండీ! నా కొత్త బండి ఆ పక్కనే ఉందిరో' అని ఉరికాడంట. కోటమ్మేమో 'కావేరీ! కావేరీ!' అంటా ఆ పొగలోకే దూరిపోయింది. చెయ్యి పట్టుకు లాగినా ఆగలా. పలుపు ఊడదీసి, బర్రె మెడ కావలించుకుని, దగ్గుకుంటా బయటికొచ్చింది. అదేమో ఆమె భుజం నాకతానే ఉందంట.

'అదిగో ఆమ్రేడితం' అన్నాడు అవధానిగారు. 'ఒక మాట రెండుమార్లు పలికితే ఆ రెండోదాన్ని మేం అట్లా అంటాం. భయంలో, కంగారులో, పట్టరాని సంతోషంలో వస్తుంది. మొదటిసారి నోరు అంటుంది, రెండోసారి ప్రాణం అంటుంది. చెంచయ్యా, నీ ప్రాణం బండి మీదుంది, తోలుకుపో. బర్రె ఆమెది.' చెంచయ్య ఏదో గొణిగాడంట గానీ ఎవురింటారు? కోటమ్మ పంతులుకేసి కూడా చూడలా, 'పద పద' అంటా కావేరిని ఇంటికి తోలుకుపోయింది.

అదమ్మా సంగతి. మీరు మాత్రం ఇళ్లల్లో పొగబెట్టి చూసుకోమాకండి. ఓసారి మా పొయ్యిలో మంట ఎగిసి నా కొంగంటుకుంటే, మా ఆయన 'చుట్టా! చుట్టా!' అన్నాడు.