టిచ్ బటన్లు

నరాల డాక్టరమ్మ గది. బల్లకు ఇవతల దర్జీ. అతని భార్య రిపోర్టుల కోసం కింది అంతస్తుకు వెళ్ళింది.

"ఈ కాగితం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకోండి. నేను లాగుతా. వదలకూడదు."

"వదలనమ్మా."

"వదిలేశారు."

"మీరు చెప్పకుండా లాగారు. మళ్ళీ లాగండి."

"మళ్ళీ వచ్చేసింది, టైలరు గారూ."

"కాగితం నున్నగా ఉంది. బట్టయితే జారదు."

"భుజం మీద కండ అదురుతోంది. ఎప్పట్నించి?"

"ఆర్నెల్లయింది. కుడి భుజం అదిరితే మగాడికి మంచిదంటారు. ఆ మంచేదో ఇంకా దార్లోనే ఉన్నట్టుంది."

"నాలుక చాపండి. ఊఁ... చాలు."

"దానికేం ఢోకా లేదమ్మా. మా ఆవిడ ఇంట్లో దానికి పనెక్కడ పడనిచ్చింది?"

"నవ్వులాట కాదు. కిందటిసారే చెప్పాను కదా. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆపైన మింగడం. మందు దీన్ని ఆపదు, కాస్త నెమ్మది చేస్తుందంతే. ఇంట్లో చెప్పారా?"

"చెప్పా. నరాల బలహీనత అని."

"అది చెప్పడమా?"

"గోడల నిండా రాసుంటుంది కదమ్మా, నలభై రోజుల్లో గ్యారంటీగా తగ్గుతుందని. అది చదువుకుని ధైర్యంగా ఉంటుంది."

"టైలరు గారూ..."

"కోప్పడకండి, మీరే పొరబడ్డారేమో. ఈ చొక్కా చూడండి. పైనున్న గుండీలు ఉత్తుత్తివి. వెనకాల టిచ్ బటన్లు. నొక్కితే టిక్కుమని పడతాయి. మా ఆవిడ కంటపడకుండా పోయిన నెల్లో నేనే కుట్టుకున్నా, ఎనిమిది చొక్కాలకి."

"ఈ చేత్తోనా?"

"మరి కాలితోనా? లాగి చూడండి. మొహమాటపడకండి, గట్టిగా. ఊడిందా?"

"లేదు. బాగా గట్టిగా ఉంది."

"పడిపోయే చెయ్యి వేసే కుట్టేనా అది?"

"సూది పట్టు దొరికిందా మీకు?"

"ఎక్కడ దొరికింది? పళ్ళతో పట్టి లాగాను. అయినా నిలిచిందా లేదా?"

"నిలిచింది. ఈ కుట్టు వేసిన చెయ్యి ఆ కాగితాన్ని వదలకూడదే... సరే. కండలో సూది గుచ్చి చూసే కరెంటు పరీక్ష ఇంకోసారి చేయిద్దాం."

"సూదితోనా! అదే చెయ్యండి తల్లీ. ముప్ఫయ్యేళ్ళు అన్నం పెట్టింది, నాకు ద్రోహం చెయ్యదు."

దర్జీ బయటికి వెళ్ళాడు. భార్య రిపోర్టులతో వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమన్నారు డాక్టరమ్మా? మొహం చాటంత చేసుకుని వెళ్ళాడు."

"పరీక్ష మళ్ళీ చేద్దామన్నాను. ఆయన కుట్టిన టిచ్ బటన్లు చూశాక నాకే అనుమానం వచ్చింది."

"అయ్యో, చూపించాడా?"

"మీకు తెలుసా?"

"ఆయన కుట్టినవి మొదటి ఉతుక్కే ఊడి బకెట్ అడుగున గలగలమన్నాయమ్మా. అన్నీ నేనే మళ్ళీ కుట్టా, ఆయన నేర్పిన కుట్టే. పరీక్ష వద్దనకండి... తేదీ మాత్రం కాస్త దూరంగా రాయండి."