నాలుగు గొంతుల పాటలో నా ఊ

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. ఏదో పోయినేడు ఈ సౌదీ ఖోబర్‌లో, మా కాంపౌండు ఆడోళ్ల పాటలో నిలబడి కాస్త గొంతు కలిపినా, అంతే. ఈ ఏడు ఎవరెవరు పాడాల్నో తేల్చేదానికి మాకు పాట నేర్పే ఆండాళమ్మ మా ఇంటికొచ్చి చాయ్ తాగతా ఉండాది. నన్ను తీసుకుంటాదో లేదో. అందుకే ఆ సంగతి నాలుగు మాటలు చెప్పక తప్పలేదు.

అది ఇంగ్లీషోళ్ల పాటమ్మా. నడి చలికాలంలో పెద్ద గిన్నె పట్టుకొని ఇంటింటికీ పోయి, నీ గొడ్డూ గోదా సల్లగుండ, నీ ఆపిల్ తోట ఇరగ్గాయ, మా గిన్నెలో ఇంత పొయ్యండి అని పాడతారంట. మా కడపలో రంజాన్ నెల తెల్లారుజామున సహరి తినేదానికి లేపే ఫకీర్లు లేరూ, అట్ల. వాళ్లు తాగేది సారా, మేం పోసుకొనింది ఆపిల్ షర్బత్తు. ఆండాళమ్మ దాన్ని నాలుగు గొంతులకు పంచింది. నలుగురూ నాలుగు దార్లలో పోయి ఆఖరికి ఒకే వాకిట్లో కలుస్తారు. అదెట్లనో నాకిప్పటికీ వింతే.

‘నీది ఏ దారి దాదీ?’ అనింది పక్కింటి పిల్ల అఫ్షాన్.

అన్నిటికంటే కింది దారి. ఒకే శ్రుతి, ఊ... అని. పట్టినా. పాట అయ్యేదాకా పట్టినా. గిన్నెలో షర్బత్తు సుళ్లు తిరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రంలో ఓడలు, ఇంకో ఓడ పిలస్తాందేమోనని బదులు కూసినాయి. సముద్రం అవతలుండే బహ్రెయిన్ జనం మధ్యలో వంతెన మీదికొచ్చి నిలబడినారు.

‘మరి ఊపిరి?’ అనింది నా కోడలు ఖాలిదా.

ఊపిరి ఎవరిక్కావాలే. తోట కాయాలని పాడితిమి గదా, కాంపౌండులో ఖర్జూరం చెట్లు నిజమనుకొని ఆ చలిలోనే గెలలేసినాయి. రెండు గెలల్లో ఆపిల్ పండ్లు. నేనింకా ఆపలా. ఎక్కడో ఎడారిలో హఫర్ అల్ బాతిన్ కాడ ఇసక దిబ్బ ఒకటి లేచి, అంత దూరం నడిచొచ్చి, మా గేటు కాడ కూర్చొని వినింది. వాచ్‌మన్ దాన్ని ఈ దేశంలో ఉండేదానికి ఇఖామా కార్డు చూపించమన్నాడు.

ఆండాళమ్మ కప్పు కింద పెట్టింది. మెల్లగానే అనింది.

‘జైతూన్ బీ గారూ, మీకు శ్రుతి నిలవడం లేదని, నోరు మాత్రం కదపండి, గొంతు రానివ్వద్దని నేనే చెప్పాను కదా. మీరు పాపం అలాగే చేశారు.’

ఖాలిదా చున్నీ నోటికి అడ్డం పెట్టుకొనింది. ఈ ఏడన్నా నన్ను గొంతెత్తనిస్తారని, ఏడాదిగా వంటింట్లో ఊ అనుకుంటా ఉండినా.

‘నిజమేనమ్మా,’ అన్నా. ‘ఉత్త నోరు కదిపితేనే అంత జరిగింది. గొంతు విప్పితే ఏమైతాదో చూడాలని లేదా నీకు?’

ఆండాళమ్మ కప్పు మళ్లా చేతికి తీసుకొనింది. ‘ఆఖరి చరణం ఒక్కటే పాడండి, అదీ మెల్లగా,’ అనింది.