మిగిలిపోయిన వైరు

ముందు గదిలో కంప్యూటర్ బల్ల. దాని కింద కోడలు, పక్కన స్టూలు మీద మామగారు, వంటింట్లో అత్తగారు. గోడ గడియారంలో పదీ ఇరవై అయింది.

"మళ్లీ ఆగిపోయింది మామయ్యా. రెండు సెకన్లు ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, టప్పున పోయింది."

"మళ్లీ నొక్కమ్మా."

"ఎన్నిసార్లని నొక్కను? పదకొండింటికి ఇంటర్వ్యూ పెట్టుకుంటే ఇవాళే చావాలా ఇది? నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"ఫోన్‌లో మాట్లాడేస్తే పోలా?"

"కుదరదు. వాళ్ల ప్రోగ్రాము కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుందట. అసలే ఫ్యాన్లూ మిక్సీలూ చెడిపోయినవాళ్లు ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెప్పే ఉద్యోగం. అలాంటిదానికి అప్లై చేసి, మా ఇంట్లో కంప్యూటరే చెడిపోయింది, ఇంకోరోజు పెట్టండి అంటే నవ్విపోరూ?"

"నవ్వుతారు. అందులోనూ ఒకటే పోస్టు."

"ఒకటే. ఇంట్లోంచే చేసుకునేది. నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉన్నానని ఆరు చోట్ల వద్దన్నారు మామయ్యా. ఇదీ పోతే ఇంక ఎక్కడికీ అప్లై చెయ్యను, ఒట్టు. ఆ టేబుల్ లైటు ఇటివ్వండి."

"పట్టపగలు లైటెందుకు?"

"ఈ ప్లగ్గులో కరెంటుందో లేదో చూద్దామని. ఇదిగో, వెలిగింది. అయితే గోడలో తప్పు లేదు."

"గోడ మంచిదే."

"ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కన పెట్టి నేరుగా గోడకే పెట్టాను. బటన్ నొక్కండి."

"నేనా?"

"మీ మోకాలి పక్కనే ఉంది."

"నేను ముట్టుకోను. నేనసలు దాన్ని ముట్టుకోనేలేదు."

"ముట్టుకున్నారని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ముందే చెప్తున్నా."

"సరే, నేనే నొక్కుతా. తిరిగింది, తిరిగింది, తిరుగు తల్లీ, తిరుగు... పోయింది."

"వైరు మార్చి చూడు."

"అదే చేస్తున్నా. స్క్రీను వైరూ దీని వైరూ ఒకటే రకం. ఊహూ, దీనికీ అంతే. వెనక స్విచ్చు ఆన్‌లోనే ఉంది. లోపల ఏదైనా కాలిందేమో, ఫోన్‌లో వెతికితే ముందు వాసన చూడమని రాశారు."

"జరుగు, జరుగు. వాసన నా డిపార్ట్‌మెంటు. నలభై ఏళ్లు రేడియో షాపు నడిపింది ఈ ముక్కుతోనే."

"చూడండి మరి. ఏమైనా వస్తోందా?"

"కాలిన వాసన లేదు."

"ఇంకేం వాసన ఉంది?"

"ఏదో కొద్దిగా పౌడరు వాసన."

"కంప్యూటర్‌లోంచి పౌడరు వాసనా?"

"ఏవండీ, మిమ్మల్నే. నా పౌడరు బ్రష్షు నల్లగా ఎందుకైంది?"

"నాకేం తెలుసే? నువ్వు వంట చూసుకో."

"వంట చూసుకుంటున్నాను కాబట్టే అడుగుతున్నా, మీ స్క్రూడ్రైవరు గరిటెల్లో ఉంది. నిన్న నేనూ కోడలూ బజారుకి వెళ్లొచ్చేసరికి మీ బనీను నిండా దుమ్ము. అటక సర్దానన్నారు. అటక ఎక్కి చూశాను, సర్దిన గుర్తే లేదు."

"మామయ్యా."

"ఊఁ."

"మీరు నిన్న దీన్ని ఏమైనా చేశారా?"

"చేయడమంటే? చూశాను."

"చూస్తే బ్రష్షు నల్లబడుతుందా?"

"కొంచెం దగ్గర్నుంచి చూశాను."

"మూతకి నాలుగు స్క్రూలుండాలి. మూడే ఉన్నాయి."

"ఒకటి మిగిలిందమ్మా."

"ఏదీ?"

"జేబులో ఉంది, ఇస్తానుండు. అలా చూడకు. రిపేరు చేశాక ఏదో ఒకటి మిగలడం మా పనిలో మామూలే. షాపులో మిగిలిపోయినవాటికి రేకు డబ్బానే పెట్టాను. అది నిండింది కూడా. అయినా మా రేడియోలు పాడాయి."

"అయ్యో మామయ్యా, ఇది పాడక్కర్లేదు, వెలిగితే చాలు. గడియారం ఎంతైంది?"

"పదీ ముప్పై ఎనిమిది."

"ప్లగ్గు పీకేశాను. ఇప్పుడు పది సెకన్లు బటన్ నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుందట. పెట్టె లోపల మూలనున్న కరెంటు డబ్బాని మాత్రం విప్పకూడదు, అదే గోడ కరెంటు తీసుకుని లోపల అందరికీ పంచేది. విప్పితే షాకు కొడుతుంది. దాన్ని విప్పలేదు కదా మీరు?"

"ఛ, ఛ. దాన్ని పైనుంచి తుడిచానంతే."

"మంచిపని చేశారు. మూత తీస్తున్నా. అబ్బ, అద్దంలా ఉంది. దుమ్మన్నదే లేదు. నిజం చెప్పండి మామయ్యా, ఎందుకు పెట్టుకున్నారు ఈ పని?"

"ఫ్యాను గుర్రుమంటోందని. ఆ రొదలో వాళ్లడిగేది సరిగ్గా వినపడదని."

"నాకు బాగానే వినపడుతుందిగా."

"నీకు వినపడుతుందిలే."

"మరి?"

"మరేం లేదు. ఆ మెమరీ పట్టీ తీసి పెట్టి చూడు, అదేనేమో."

"అదీ తీశారా?"

"తీసి, తుడిచి, పెట్టేశాను. అన్నీ పెట్టేశాను. దాదాపు అన్నీ."

"దాదాపు అంటే నా గుండెల్లో రాయి పడుతోంది. ఇదిగో, పట్టీ మళ్లీ గట్టిగా నొక్కాను. ప్లగ్గు పెట్టాను. తిరుగుతోంది... పోయింది. పెద్ద వైరు బాగానే ఉంది. ఈ డిస్కు వైరూ బాగానే ఉంది. ఇంకెక్కడో కరెంటు అందట్లేదు. ఎక్కడో మీకు తెలుసా?"

"నాకా?"

"మీరేగా పీకింది."

"ఈ కాలం మెషీన్లమ్మా. మన రేడియోల్లా కాదు. ఇందులో ఏది ఎందుకుందో..."

"నీళ్లు నమలకండి మామయ్యా, ప్లీజ్."

"అమ్మాయ్, టీ పెట్టనా?"

"వద్దత్తయ్యా. ఇప్పుడు నాకు విషం కూడా దిగదు."

"ఆయనకి?"

"ఆయనకి పెట్టండి, మాట బయటికి వస్తుందేమో."

"నాకూ వద్దు."

"అదేమిటి, టీ వద్దన్నారా? ఇదిగో అమ్మాయ్, ఈయన టీ వద్దన్నారంటే ఏదో పెద్దదే చేశారు."

"టైమెంత మామయ్యా?"

"పదీ నలభై తొమ్మిది."

"అయితే అయిపోయింది. రాలేనని మెయిల్ పెట్టేస్తాను. ఫోనేదీ? ఏమని రాయను? 'క్షమించాలి, అనుకోని కారణాల వల్ల...' ఏడుపొస్తోంది మామయ్యా. నిన్న రాత్రంతా అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను. ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే ఏం చెప్పాలి, మిక్సీ మూత బిగుసుకుపోతే ఏం చెప్పాలి, అన్నీ. సరే, ఏం చేస్తాం. పంపేస్తున్నా."

"ఆగు."

"ఏంటి?"

"ఆ ఫోను పక్కన పెట్టు. ప్లగ్గు పీకి, ఆ రెండో వైపు మూత కూడా తియ్యి."

"ఆ వైపేముంటుంది?"

"దారం ఉంటుంది."

"దారమా?"

"తియ్యమ్మా, టైము లేదు."

"తీశాను. అయ్యబాబోయ్, ఇదేంటి, ఈ వైరుని మూలకి కట్టేశారు? ముడి మీద ముడి."

"నిన్న అన్నీ పెట్టాక అదొక్కటి మిగిలింది. ఎక్స్‌ట్రా ఏమో అనుకుని, వేలాడకుండా కట్టాను. పైన మూల నాలుగు కన్నాల సాకెట్టు ఖాళీగా ఉందా?"

"ఉంది. ఉంది మామయ్యా, ఫ్యాను వెనకాల దాక్కుంది."

"అందులో పెట్టు. కొక్కెం ఉన్న వైపు చూసుకో. అసలు బుర్రకి కరెంటు అక్కణ్నుంచే."

"టక్కుమంది."

"కూర్చుంది. ప్లగ్గు పెట్టి నొక్కు."

"నొక్కాను. ఫ్యాను తిరుగుతోంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు... ఆగలేదు. మామయ్యా, స్క్రీను వచ్చింది. అత్తయ్యా, వచ్చేసింది."

"ఎవరు?"

"కంప్యూటర్ అత్తయ్యా. నా ప్రాణం లేచొచ్చింది. నా జుట్టు ఎలా ఉంది?"

"కుడిపక్క సాలెగూడు ఉంది, దులుపుకో. బొట్టు చెరిగింది, ఉండు, నేనొస్తున్నా."

"ప్రోగ్రాము తెరుచుకుంది. నా పేరు కూడా చూపిస్తోంది. మూడు నిమిషాల్లో పిలుస్తారట. మామయ్యా, కోపమంతా పోయింది, మీ చేతులు కళ్లకద్దుకోవాలనుంది."

"అమ్మాయ్."

"చెప్పండి."

"పదకొండున్నరకల్లా నువ్వు ఈ కుర్చీలోంచి లేచేస్తావుగా?"

"అరగంటేనన్నారు. ఎందుకు?"

"పదకొండున్నరకి దీంతో నాకు పనుంది."

"కంప్యూటర్‌తో మీకేం పని?"

"ఇంటర్వ్యూ."

"ఎవరిది?"

"నాదేనమ్మా. వయసుతో పని లేదని ప్రకటనలో వేశారుగా, నేనూ అప్లై చేశాను. షాపు మూసేశాక ఏది చెడిపోయినా ఎవరూ నన్నడగట్లేదు. మళ్లీ ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది."

"ఈ ఉద్యోగానికేనా? ఈ ఒక్క పోస్టుకేనా?"

"ఆ ఒక్కదానికే."

"ఏవండీ, సిగ్గులేదూ, కోడలితో పోటీయా?"

"ఒక్క నిమిషం అత్తయ్యా. మామయ్యా, ఆ వైరు సంగతి మీకు ఎప్పుడు తట్టింది?"

"నువ్వు మొదటిసారి బటన్ నొక్కినప్పుడే."

"అంటే పదకొండు దాటేదాకా ఊరుకుని, తర్వాత తీరిగ్గా ఆ దారం విప్పి ఉంటే నా ఇంటర్వ్యూ పోయేది, మీది ఉండేది."

"అవునమ్మా. పదీ యాభైదాకా నా ప్లాను అదే."