మేనేజరు మీద వాక్యాలు

టీచరమ్మ వంటగది బల్ల దగ్గర పాఠం నడుస్తోంది. నేర్చుకునే ఆవిడ హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది.

“ఈరోజు మాట ‘క్రూయల్’. అంటే దయలేని. వాక్యం చెప్పు.”

“మై మేనేజర్ ఈజ్ క్రూయల్.”

“నిన్న ‘ఇన్సల్ట్’కీ అతనే, మొన్న ‘లై’కీ అతనే. ఇంకెవరూ దొరకరా నీకు?”

“గెస్టుల ముందు నా ఇంగ్లిష్‌ని వెక్కిరించాడు మేడమ్. ఆ కసికే మాటలు బుర్రకెక్కుతున్నాయి.”

“క్రూయల్ అని ఎందుకన్నావు? అదీ చెప్పు.”

“హి షౌట్స్.”

“అరిచేవాళ్లు బోలెడుమంది. అతనికి నిజంగా కోపమొస్తే గొంతు తగ్గిస్తాడు. తలుపు మెల్లగా వేస్తాడు. అది చెప్పు.”

“అవును, నన్ను తిట్టేముందు అలాగే వేశాడు. మీకెలా తెలుసు?”

“ఒకప్పుడు అతని పెళ్లాన్ని. ఆ తలుపు వెనక నేనూ నిలబడ్డాను. నోరు పెగల్లేదు.”

“అందుకేనా, యాపిల్, టేబుల్ వదిలేసి ఈ మాటలు పట్టుకున్నారు?”

“రేపొచ్చే మీ ఓనరుకి ఇంగ్లిష్ తప్ప రాదన్నావుగా. యాపిల్ గురించి చెబుతావా ఆయనకి?”

“చెప్పను.”

“అయితే మొత్తం మళ్లీ అను. ఈసారి గొంతు తగ్గించి.”